వంశవృక్షంలో నలుపు వేయని గుర్తులు

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఈ కాగితం చూడండి. వెనక కూర్చున్నవాళ్లకి కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకి రండి, కుర్చీలున్నాయి. ఇది ఒక కుటుంబం. చతురస్రం అంటే మగవాళ్లు, వృత్తం అంటే ఆడవాళ్లు. రెండిటి మధ్య అడ్డగీత ఉంటే దంపతులు. కిందికి దిగే గీతలు పిల్లలు. జబ్బు ఉన్నవాళ్ల గుర్తులో నలుపు నింపుతాం. లేనివాళ్ల గుర్తు ఖాళీగా వదిలేస్తాం. ఇది ఏ ఒక్క ఇంటిదీ కాదు, మీకు చూపించడానికి నేను గీసింది. నాలుగు తరాలున్నాయి. తాతముత్తాతలు, పెద్దనాన్నలు, మేనత్తలు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు.

మీ కళ్లు ఎక్కడికి వెళ్లాయి? నల్ల గుర్తుల మీదకే కదా? అందరి కళ్లూ అక్కడికే వెళ్తాయి. పరిశోధకుల కళ్లు కూడా ఎన్నో ఏళ్లు అక్కడే ఉండిపోయాయి. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఖాళీ గుర్తుల గురించి. బైపోలార్ అనే మనోవ్యాధి జన్యువుల కోసం పెద్ద పెద్ద కుటుంబాల్లో వెతికిన నలభై ఏళ్ల కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది ఆ ఖాళీ గుర్తులే.

జబ్బు సంగతి మీలో చాలామందికి నాకన్నా బాగా తెలుసు. ఇంట్లో చూసినవాళ్లున్నారు, స్వయంగా అనుభవించినవాళ్లున్నారు. కొత్తవాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. కొన్ని రోజులు, కొన్ని వారాలు మనిషి ఉప్పొంగిపోతాడు. నిద్ర అక్కర్లేదు, మాట ఆగదు, డబ్బు నిలవదు, తనకి సాధ్యం కానిది లేదనిపిస్తుంది. దాన్ని మేనియా అంటాం. ఇంకొన్నాళ్లు మంచం మీంచి లేవలేడు, బతుకు మీదే ఆశ ఉండదు. అది డిప్రెషన్. మధ్యలో మామూలుగా ఉండే కాలాలు ఉంటాయి, అవి ఏళ్ల తరబడి కూడా ఉండొచ్చు. మేనియా పూర్తి తీవ్రతతో వచ్చే రకాన్ని బైపోలార్ వన్ అంటాం. అది జనాభాలో సుమారు వందలో ఒకరికి వస్తుంది.

ఇది కుటుంబాల్లో నడుస్తుందని జనానికి ఎప్పటినుంచో తెలుసు. డాక్టర్లు చెప్పకముందే తెలుసు. తోబుట్టువుకో, తల్లికో, తండ్రికో ఉంటే మనకి వచ్చే అవకాశం వందలో ఒకటి నుంచి సుమారు అయిదు, పది దాకా పెరుగుతుంది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం, అధ్యయనాన్ని బట్టి, 40 నుంచి 70 శాతం. ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఆ ఇద్దరి డీఎన్‌ఏ ఒకటే. అంతా జన్యువుల్లోనే ఉంటే అది 100 కావాలి కదా? కాలేదు. జన్యువుల బలం చాలా పెద్దది, కానీ జన్యువులే మొత్తం కావు. ఈ రెండు మాటల్నీ కలిపి గుర్తుపెట్టుకోండి, విడదీసి వద్దు.

మరి పెద్ద కుటుంబాలే ఎందుకు? వెయ్యి మంది రోగుల్ని వెయ్యి ఇళ్ల నుంచి తెస్తే, ఒక్కొక్కరి జబ్బుకి ఒక్కో కారణం ఉండొచ్చు. అదే ఒక్క వంశంలో ఇరవై మందికి ఉంటే? ఒకే పూర్వీకుడి నుంచి ఒకే కారణం దిగి వచ్చి ఉంటుందని ఆశ. ఆ కారణం డీఎన్‌ఏలో ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీకు దండతో చెబుతాను.

ఒక తెల్లపూల దండ, ఒక ఎర్రపూల దండ ఊహించుకోండి. క్రోమోజోమ్ అంటే జన్యువులు వరసగా ఉండే డీఎన్‌ఏ పోగు. మీ తండ్రి మీకు ఇచ్చే క్రోమోజోమ్ ఆయన దగ్గరున్న రెండు దండల్లో ఏదో ఒకటి యథాతథంగా కాదు. రెండు దండల్నీ ఒకటి రెండు చోట్ల తెంచి, ముక్కలు మార్చి, మళ్లీ ముడివేసి ఇస్తాడు. అందుకని దూరదూరంగా ఉన్న పూలు విడిపోతాయి. పక్కపక్కనే ఉన్న పూలు మాత్రం తరాల తరబడి కలిసే వస్తాయి. జబ్బుకి కారణమైన పువ్వు మనకి తెలియదు. కానీ మనం గుర్తుపట్టగలిగిన పూలు కొన్ని ఉన్నాయి, వాటిని మార్కర్లు అంటాం. ఒక మార్కర్ జబ్బున్న ప్రతివారిలోనూ ఉండి, లేనివారిలో లేకపోతే, అసలు పువ్వు దాని పక్కనే ఎక్కడో ఉంది. అంతే. లింకేజ్ అంటే ఇదే.

ఆ సంబంధం నిజమా, కాకతాళీయమా అని తేల్చే కొలతని లాడ్ స్కోర్ అంటారు. 1955లో న్యూటన్ మోర్టన్ అనే శాస్త్రవేత్త 3 దగ్గర గీత గీశాడు. స్కోరు 3 అంటే, సంబంధం లేదనుకోవడం కన్నా ఉందనుకోవడం వెయ్యి రెట్లు బాగా నప్పుతోందని. ఇక్కడ ఒకటి గమనించండి. ఈ లెక్కలో నల్ల గుర్తులే కాదు, ఖాళీ గుర్తులు కూడా ఓటు వేస్తాయి. జబ్బు లేనివారిలో మార్కర్ లేకపోతే స్కోరు పెరుగుతుంది. లేనివారిలో ఉంటే తగ్గుతుంది. ఇది తరవాత మనకి కావాలి.

పద్ధతి పనిచేస్తుందా? పనిచేసింది. మెదడుని క్రమంగా దెబ్బతీసే, ఒక్క జన్యువు వల్ల వచ్చే హంటింగ్టన్ జబ్బు విషయంలో అద్భుతంగా పనిచేసింది. వెనెజ్వేలాలో మారకైబో సరస్సు ఒడ్డున ఆ జబ్బు తరతరాలుగా ఉన్న ఒక మహా వంశం ఉంది. నాన్సీ వెక్స్‌లర్ బృందం అక్కడికి ఏటా వెళ్లి, వేలమందిని ఒక వృక్షంలో చేర్చి, రక్తం సేకరించింది. ఆమె తల్లికే ఆ జబ్బు ఉండేది, అది కూడా చెప్పాలి. 1983లో జేమ్స్ గుసెల్లా బృందం 4వ క్రోమోజోమ్‌లో మార్కర్ దొరకబట్టింది. ఇంకో పదేళ్లకి, 1993లో, జన్యువే దొరికింది. అది చూశాక మనోవ్యాధుల పరిశోధకులకి ఎంత ఆశ పుట్టి ఉంటుందో ఊహించండి. ఒక పెద్ద కుటుంబం చాలు, ఒక మంచి మార్కర్ చాలు, మనకీ దొరుకుతుంది అనుకున్నారు.

"రక్తంలోనే ఉంది"

అప్పటికే అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకస్టర్ ప్రాంతంలో జానిస్ ఎగ్‌లాండ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆమిష్ ప్రజల మధ్య పనిచేస్తోంది. ఆమె బైపోలార్ అధ్యయనం 1976లో మొదలైంది. ఆమిష్ అంటే యూరప్ నుంచి 18వ శతాబ్దంలో వలస వచ్చిన కొద్దిపాటి కుటుంబాల సంతతి. ఇళ్లకి కరెంటు లైను పెట్టుకోరు, కార్లు కొనరు, గుర్రబ్బండ్ల మీద తిరుగుతారు. పెళ్లిళ్లు తమలో తాము చేసుకుంటారు. పిల్లలు ఎక్కువ. ఎవరు ఎవరి పిల్లలో రాసుకున్న వంశ చరిత్రలు పదిలంగా ఉన్నాయి. మద్యం, మత్తుపదార్థాల గొడవ చాలా తక్కువ. అంటే జబ్బుని కప్పేసేవీ, జబ్బులా కనిపించేవీ అక్కడ తక్కువ. పరిశోధకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

వాళ్లలో మేనియా ఎలా కనిపిస్తుందో ఎగ్‌లాండ్ బృందం రాసిన తీరు నాకు చాలా ఇష్టం. ఆ సమాజంలో ఎవరూ విమానం టికెట్లు కొని పారిపోరు, ఖరీదైన కార్లు కొనరు. మరి మేనియా వచ్చినవాళ్లు ఏం చేసేవాళ్లు? గుర్రబ్బండిని విపరీతమైన వేగంతో తోలేవాళ్లు. పబ్లిక్ ఫోన్ పట్టుకుని వదిలేవాళ్లు కాదు. పొలం పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో ప్రయాణాలు పెట్టుకునేవాళ్లు. బయటివాడికి ఇవి జబ్బు లక్షణాల్లా కనిపిస్తాయా? కనిపించవు. వాళ్లవాళ్లకి మాత్రం వెంటనే తెలిసిపోయేది, ఈ మనిషి ఈ మనిషిలా లేడని. ఆ సమాజంలో ఏది మామూలో తెలిస్తే తప్ప ఏది జబ్బో తెలియదు. ఆస్పత్రుల్లో వీళ్లలో చాలామందికి అంతకుముందు స్కిజోఫ్రీనియా అని, అంటే భ్రమలు, లేని గొంతులు వినిపించడం లాంటివి ఉండే వేరే మనోవ్యాధి అని, రాసేశారు. రోగి ఎవరో, ఏ ఇంటివాడో తెలియకుండా రికార్డులు మాత్రమే చదివే డాక్టర్ల బృందం ఒకటి మళ్లీ మొత్తం పరిశీలించి, బైపోలార్ అని తేల్చింది.

ఇంకో విషయం, కష్టమైన విషయం. 1880 నుంచి 1980 వరకు, వందేళ్లలో ఆ సమాజంలో జరిగిన ఆత్మహత్యలన్నీ వాళ్లు లెక్కతీశారు. 26. అందులో దాదాపు ముప్పాతిక భాగం నాలుగే నాలుగు వంశాల్లో జరిగాయి. అదే సమయంలో, మూడ్ జబ్బులు బాగా ఉన్నా ఆత్మహత్యలు లేని వంశాలు కూడా ఉన్నాయి. ఆమిష్ ప్రజలు దీని గురించి తమ భాషలో ఒక మాట అనేవాళ్లు: "రక్తంలోనే ఉంది" అని.

రక్తంలోనే ఉంటే, వెతుకుదాం. 1987 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో వ్యాసం వచ్చింది. పెడిగ్రీ 110 అనే ఒక్క ఆమిష్ వంశంలో 81 మంది. 11వ క్రోమోజోమ్ పొట్టి భుజం కొసన, ఇన్సులిన్ జన్యువు ఉండే చోట, రెండు మార్కర్లు జబ్బుతో కలిసి నడుస్తున్నాయి. లాడ్ స్కోరు 3 ఏమిటి, 4 కూడా దాటేసింది. ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. మనోవ్యాధికి జన్యువు చిరునామా దొరికిందన్నారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాటో ఇప్పుడు చెబితే అర్థం కాదు. అప్పటిదాకా తల్లి పెంపకం మీద, మనసు బలహీనత మీద వేసిన నిందలు ఒక్కసారిగా కొట్టుకుపోతాయని కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి.

అదే సంచికలో ఇంకో రెండు చిన్న వ్యాసాలున్నాయి. ఐస్‌లాండ్ కుటుంబాల్లో చూస్తే ఆ సంబంధం కనిపించలేదని ఒకటి. ఉత్తర అమెరికాలోని మరికొన్ని కుటుంబాల్లో కనిపించలేదని ఒకటి. వాటిని చాలామంది పట్టించుకోలేదు. కుటుంబానికో జన్యువు ఉండొచ్చు కదా అనుకున్నారు. అలా అనుకోవడం తప్పేమీ కాదు కూడా.

ఇద్దరు మనుషులు

ఇప్పుడు నేను చెప్పాలని వచ్చిన చోటికి వచ్చాం. 1989 నవంబరు. మళ్లీ 'నేచర్'. మళ్లీ అదే ఆమిష్ వంశం. ఈ మధ్యలో ఏం జరిగింది? ఇద్దరికి జబ్బు వచ్చింది. అంతే జరిగింది. 1987లో జబ్బు లేదని ఖాళీగా వదిలిన గుర్తుల్లో ఇద్దరు, ఆ రెండేళ్లలో జబ్బుపడ్డారు. రెండు ఖాళీ గుర్తులు నల్లబడ్డాయి. ఖాళీ గుర్తులు కూడా ఓటు వేస్తాయని చెప్పాను చూడండి. ఆ రెండు ఓట్లు అటు నుంచి ఇటు మారాయి. అన్ని పత్రికల్లో వచ్చిన స్కోరు ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. దానికి తోడు వంశంలోని కొత్త కొమ్మల్ని చేర్చి చూస్తే, అక్కడ 11వ క్రోమోజోమ్‌కి సంబంధం లేదనే తేలింది. కట్టిన ఇల్లు నిలవలేదు.

ఎనభై పైచిలుకు మందిలో ఇద్దరండీ. ఇద్దరు.

ఆ రెండో వ్యాసం రాసిందెవరు? మొదటి వ్యాసం రాసినవాళ్లలో చాలామంది అందులోనూ ఉన్నారు. ఎగ్‌లాండ్ పేరు ఉంది. మా లెక్క నిలబడలేదని వాళ్లే చెప్పారు. దీన్ని ఓటమి కింద చెప్పేవాళ్లుంటారు. నేనైతే ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థికీ ముందు ఆ వ్యాసమే చదివిస్తాను. మొదటి ఆమిష్ వ్యాసం వచ్చిన 1987లోనే, ఇజ్రాయెల్ కుటుంబాల్లో ఎక్స్ క్రోమోజోమ్‌తో సంబంధం దొరికిందని మిరాన్ బారన్ బృందం ప్రకటించింది. 1993లో, ఇంకా మంచి మార్కర్లతో చూసి, ఆధారం చాలా బలహీనపడిందని ఆ బృందమే రాసింది. ఇది కూడా చదివిస్తాను.

సరే, ఆ ఇద్దరి దగ్గర ఇంకాస్త ఆగుదాం. ఎందుకంటే నాకు అక్కడి నుంచి కదలాలనిపించదు. 1987లో వాళ్ల గుర్తులు ఖాళీ. తప్పుగా వేశారా? లేదు, ఆ రోజుకి అది నిజమే. ఈ జబ్బు చాలామందికి ఇరవయ్యో ఏటికి అటూ ఇటూగా మొదలవుతుంది, కొందరికి నలభై దాటాక కూడా వస్తుంది. అంటే పద్దెనిమిదేళ్ల పిల్ల పక్కన గీసిన ఖాళీ వృత్తానికీ, డెబ్భై ఏళ్ల ముసలమ్మ పక్కన గీసిన ఖాళీ వృత్తానికీ అర్థం ఒకటి కాదు. ముసలమ్మది దాదాపు తేలిన విషయం. పిల్లది "ఇప్పటిదాకా లేదు" అనే మాట మాత్రమే. అందుకే మేం ఖాళీ గుర్తు పక్కన చివరిసారి ఎప్పుడు చూశామో తేదీ రాస్తాం. తేదీ లేని ఖాళీ గుర్తుని నేను నమ్మను.

ఇంకో రకం ఖాళీ గుర్తులున్నాయి. ఇవి అడిగే తీరు వల్ల పుట్టేవి. ఒక కుటుంబంతో కూర్చుని మూడు గంటలు వృక్షం గీశాను. "మీ వైపు ఇంకెవరికైనా?" అని అడిగితే, "ఎవరికీ లేదండీ" అన్నారు. సరేనని పుస్తకం మూసేస్తున్నాను. మూలన కూర్చున్న పెద్దావిడ అన్నది, "మా చిన్నాన్న ఒకాయన ఉండేవాడు. ఆయనకి జబ్బేం కాదు, హుషారైన మనిషి. ఒకసారి నాలుగు రాత్రులు పడుకోకుండా ఇల్లంతా తనే రంగులేశాడు" అని. "తరవాత?" అని అడిగాను. "తరవాత ఆ ఏడాదంతా అదే గోడ వైపు తిరిగి పడుకున్నాడు" అంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మేం అడిగిన మాట "జబ్బు". వాళ్ల దగ్గరున్న మాట "హుషారు". పుస్తకం మళ్లీ తెరిచి ఒక చతురస్రం చేర్చాను. అది నలుపు వేయాలా, ప్రశ్నార్థకం వేయాలా అన్నది తరవాతి మాట. అందుకే ఒక్కరి నోటి మాట మీద వృక్షం గీయకూడదు. కనీసం ఇద్దరు ముగ్గురు బంధువుల్ని విడివిడిగా అడగాలి, దొరికితే ఆస్పత్రి కాగితాలు చూడాలి, బతికున్నవాళ్లతో స్వయంగా మాట్లాడాలి.

దీనికో రెండో వైపు ఉంది. మీ చిన్నాన్న సంగతి మీరు నాకు చెబితే, ఆయన అనుమతి నేను తీసుకోలేదు. వృక్షం గీయడమంటే గదిలో లేనివాళ్ల రహస్యాలు కాగితం మీద పెట్టడం. పెద్ద కుటుంబమైతే పేర్లు తీసేసినా, ఎంతమంది పిల్లలు, ఏ వరస అన్నదాన్ని బట్టే ఎవరింటిదో పోల్చేస్తారు. అందుకే అచ్చువేసేటప్పుడు కొన్నిసార్లు ఆడా మగా తెలియకుండా వజ్రాకారం వాడతారు. ఇది మర్యాద కోసం చేసేది కాదు. ఆ కాగితం బయటపడితే ఒకరి ఉద్యోగం పోవచ్చు.

మళ్లీ కథలోకి వద్దాం. ఒక్క జన్యువు దొరకలేదు కాబట్టి పెద్ద కుటుంబాల పని అయిపోయిందా? చాలామంది అలాగే అనుకుని వదిలేశారు. కొందరు వదల్లేదు. ఎందుకు వదల్లేదో స్కాట్లండ్ కుటుంబం చెబుతుంది. ఒక కుటుంబంలో 1వ క్రోమోజోమ్ ముక్క, 11వ క్రోమోజోమ్ ముక్క ఒకదాని చోట ఒకటి వచ్చాయి. దాన్ని 1970 నాటికే గుర్తించారు. ఎడిన్‌బరో పరిశోధకులు ఆ కుటుంబం వెంట దశాబ్దాల పాటు ఉన్నారు. ఆ మార్పు ఉన్నవాళ్లలో ఒకరికి స్కిజోఫ్రీనియా, ఇంకొకరికి బైపోలార్, మరొకరికి డిప్రెషన్. మార్పు ఉండి కూడా ఏ జబ్బూ లేనివాళ్లూ ఉన్నారు. విరిగిన చోటున్న జన్యువుకి 2000లో డిస్క్-1 అని పేరు పెట్టారు. ఆ కుటుంబంలో దాని ప్రభావం బలమైనదే. బయట సాధారణ జనంలో చూస్తే మాత్రం ఆ జన్యువుకీ ఈ జబ్బులకీ చెప్పుకోదగ్గ సంబంధం రాలేదు. నాకు దీనిలో ముఖ్యమనిపించేది ఒకటే. మనం పుస్తకాల్లో రాసుకున్న జబ్బుల పేర్లు డీఎన్‌ఏకి తెలియవు. ఒకే విరుపు మూడు పేర్లతో బయటికి వచ్చింది, కొందరిలో అసలు రాలేదు.

అదిగో, మళ్లీ ఖాళీ గుర్తు. విరుపు ఉంది, జబ్బు లేదు. ఎందుకు లేదు?

ఈ ప్రశ్నని ఆమిష్ పరిశోధకులే తిప్పి అడిగారు. 1998లో వాళ్లు ఒక వ్యాసం ప్రచురించారు. జబ్బు దట్టంగా ఉన్న కుటుంబంలో పుట్టి, వయసు దాటిపోయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో, ఆ ఆరోగ్యంతో కలిసి నడిచే డీఎన్‌ఏ భాగాలేమైనా ఉన్నాయా అని వెతికారు. 4వ క్రోమోజోమ్‌లో కొంత ఆధారం కనిపించిందన్నారు. ఒకే సమాజంలో వచ్చిన ఆధారం, దాని మీద ఎక్కువ బరువు వేయకూడదు. కానీ ప్రశ్న చూడండి, ఎంత మంచి ప్రశ్నో! అప్పటిదాకా ఖాళీ గుర్తు అంటే 'ఏమీ లేదు' అని. ఇప్పుడు అక్కడ ఏదో ఉందేమో, కాపాడేది ఉందేమో అని.

ఇక కోస్టారికా, కొలంబియా. నెల్సన్ ఫ్రైమర్, కార్లోస్ లోపెస్ హరమీయో, వాళ్ల సహచరులు కోస్టారికా మధ్య లోయలో, కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో పనిచేశారు. రెండూ స్పెయిన్ వలస కాలంలో కొద్దిమంది పూర్వీకులతో మొదలై, చాలాకాలం కొండల మధ్య విడిగా పెరిగిన జనాభాలు. అక్కడ బైపోలార్ వన్ ఎక్కువగా ఉన్న 26 పెద్ద వంశాల్ని తీసుకున్నారు. 2014లో వచ్చిన వ్యాసంలో 738 మంది పెద్దవాళ్లున్నారు. వాళ్లలో బైపోలార్ వన్ ఉన్నవాళ్లు 181 మంది. అంటే మిగతా 557 మంది ఎవరు? బైపోలార్ వన్ లేని చుట్టాలు. అన్నలు, మేనమామలు, పెద్దమ్మ పిల్లలు. వాళ్లకి కూడా రోగులకి చేసిన పరీక్షలే చేశారు. మెదడు స్కానింగ్, జ్ఞాపకశక్తి, స్వభావం, అన్నీ కలిపి 169 కొలతలు. అందులో సుమారు ముప్పాతిక వంతు కొలతలు వంశపారంపర్యంగా నడిచేవేనని తేలింది. సుమారు మూడో వంతు జబ్బుతో సంబంధం ఉన్నవి. రెండూ వర్తించేవి, అంటే కుటుంబంలో దిగివచ్చేవీ, జబ్బుతో ముడిపడినవీ అయిన కొలతలు ఆ జబ్బుకి లోపలి పునాదుల్లాంటివి. అవి జబ్బు లేని తమ్ముడిలో కూడా కొంత కనిపించవచ్చు.

దీంతో ఏం మారిందో గమనించారా? ఇంతకుముందు నలుపు, తెలుపు. ఇప్పుడు మధ్యలో ఎన్నో ఛాయలు. ఎడమ పక్కనున్న ఈ ఖాళీ వృత్తం తెల్లగా లేదు, లేత బూడిదరంగులో ఉంది. ఆ రంగు జబ్బు కాదు. దయచేసి దీన్ని ఎవరూ జబ్బు అనుకోవద్దు. ఎత్తు, కంటిచూపు, గొంతు కుటుంబంలో వచ్చినట్టే ఇదీ వస్తుంది.

నిద్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అదే వంశాల్లో సుమారు 550 మంది చేతికి చిన్న గడియారం లాంటి పరికరం కట్టారు. రెండు వారాల పాటు ఎప్పుడు కదిలారు, ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారో అది రాసుకుంటుంది. 2016లో ఫలితాలు వచ్చాయి. బైపోలార్ వన్ ఉన్నవాళ్లు జబ్బు ఉద్ధృతంగా లేని రోజుల్లో కూడా ఆలస్యంగా లేస్తున్నారు, ఎక్కువసేపు పడుకుంటున్నారు, మెలకువగా ఉన్నప్పుడు తక్కువ కదులుతున్నారు. ఈ లయలు చాలావరకు కుటుంబంలో దిగివస్తున్నాయి. మేనియాకి నిద్రలేమి నిప్పురవ్వ లాంటిదని ఇక్కడున్న కుటుంబాలకి తెలుసు. కాబట్టి ఈ ఫలితం నాకు బొత్తిగా ప్రయోగశాల సంగతిలా అనిపించదు.

మరి ఆ 26 వంశాల్లో డీఎన్‌ఏ ఏం చెప్పింది? 2020లో ఆ లెక్క వచ్చింది. 838 మంది మార్కర్లు చూశారు, 449 మంది జన్యుసంపుటిని, అంటే వాళ్ల డీఎన్‌ఏ మొత్తాన్ని, అక్షరం అక్షరం చదివారు. 1987లో ఎవరూ కలలో కూడా అనుకోని పని ఇది. ఇంతా చేసి, వంశమంతటా జబ్బుతో నడిచే ఒక్క బలమైన అరుదైన మార్పు దొరికిందా? దొరకలేదు. దొరికింది ఇంకోటి. జబ్బున్నవాళ్లలో, వాళ్ల సొంత చుట్టాలతో పోలిస్తే, జనాభా అంతటా ఉండే చిన్నచిన్న మార్పుల భారం ఎక్కువ. దానికి తోడు అరుదైన మార్పుల భారం కూడా కొంచెం ఎక్కువ. అంటే అంత పెద్ద వంశంలో కూడా జబ్బు ఒక్క బండరాయిలా దిగి రాలేదు. ఇసుకలా దిగివచ్చింది. ఒక్కొక్కరి దోసిట్లో ఎంత పడిందన్నదే తేడా. నల్ల గుర్తుకీ ఖాళీ గుర్తుకీ మధ్య ఉన్నది గోడ కాదు. ఇద్దరి దోసిట్లోనూ ఇసుకే, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ.

ఇదే మాట ఇంకో దారిలో వెళ్లినవాళ్లూ చెప్పారు. కుటుంబాలు కాకుండా, వేలమంది రోగుల్ని, రోగులు కానివాళ్లని పోల్చే దారి. 2021లో సుమారు 42 వేల మంది రోగులతో జన్యుసంపుటిలో 64 చోట్లు దొరికాయి. 2025లో లక్షా 58 వేల మంది రోగులతో 298 చోట్లు. ఒక్కో చోటి ప్రభావం చాలా స్వల్పం. 2022లో, పద్నాలుగు వేల మంది రోగుల జన్యువులు చదివి, ఏకాప్-11 అనే జన్యువులో అరుదైన, బలమైన మార్పులు గుర్తించారు. అది చాలా తక్కువమందిలో ఉంటుంది. కానీ ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్, లిథియం పనిచేసే చోటని భావిస్తున్న ఎంజైమ్‌తో ముడిపడి ఉంది. లిథియం 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ వాడి చూపించిన మందు. ఎలా పనిచేస్తుందో పూర్తిగా తెలియకుండానే లక్షలమందిని నిలబెట్టింది. ఇంతకాలానికి జన్యువుల వైపు నుంచి ఒక దారి దాని దాకా వచ్చిందంటే, నాకు నిజంగా ఒళ్లు పులకరించింది.

ఇక మీరు నన్ను ఎప్పుడూ అడిగేవి. ముందే చెప్పేస్తాను. "రక్తపరీక్షతో నా కూతురికి వస్తుందో రాదో తెలుస్తుందా?" తెలియదు. బైపోలార్‌ని నిర్ధారించే జన్యుపరీక్ష ఈ రోజుకి లేదు. ఉందని అమ్మేవాళ్లని నమ్మకండి. ఆ ఇసుక కొలిచే స్కోర్లు ఉన్నాయి, కానీ అవి గుంపుల్ని పోల్చడానికి పనికొస్తాయి, ఒక మనిషి భవిష్యత్తు చెప్పవు. పైగా అవి ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల డీఎన్‌ఏతో తయారయ్యాయి, మిగతా జనాలకి ఇంకా తక్కువగా నప్పుతాయి. ఇది అన్యాయం, సరిదిద్దాల్సిన అన్యాయం. అందుకే అన్ని జనాభాల కుటుంబాలూ పరిశోధనలోకి రావాలి.

"మేం పిల్లల్ని కనొచ్చా?" అమ్మా, ఇది అడిగేటప్పుడు చాలామంది గొంతు వణుకుతుంది. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకి బైపోలార్ వచ్చే అవకాశం సుమారు వందలో పది లోపు. అంటే తొంభై మందికి పైగా రాదు. డిప్రెషన్ లాంటివి వచ్చే అవకాశం కూడా కొంత పెరుగుతుంది, అది దాచను. కానీ ఈ జబ్బుకి మందులున్నాయి, ముందే గుర్తుపడితే బాగా పనిచేస్తాయి. నిర్ణయం మీది. మీ వంశవృక్షం మీ తరఫున నిర్ణయం తీసుకోకూడదు.

ఒక పని మాత్రం ఇంటికెళ్లాక చేయండి. మీ వృక్షం మీరే గీయండి. జబ్బున్నవాళ్ల పక్కన ఏ వయసులో మొదలైందో రాయండి, ఏ మందు బాగా పనిచేసిందో రాయండి. లిథియం బాగా పనిచేసే గుణం కొన్ని కుటుంబాల్లో కలిసి కనిపిస్తుంది, మీ మేనత్తకి పనిచేసిందన్న సంగతి మీ డాక్టర్‌కి పనికొస్తుంది. ఖాళీ గుర్తుల పక్కన వయసు రాయండి. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి.

చివరగా ఒకావిడ గురించి. ఒక పెద్ద కుటుంబంలో అక్కకీ, తమ్ముడికీ జబ్బు ఉంది. మధ్యలో ఈవిడ, ఖాళీ వృత్తం. మేం రక్తం అడిగితే, "నాకేం లేదు కదా, నాది ఎందుకు?" అంది. నేను ఆ ఆమిష్ ఇద్దరి కథ చెప్పాను. విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత చెయ్యి చాపింది. అప్పటి నుంచి ఏటా ఒకసారి తనే ఫోన్ చేస్తుంది. "ఈ ఏడు కూడా బాగానే ఉన్నాను, రాసుకోండి" అంటుంది. రాసుకుంటాను. ఆ వృత్తం పక్కన ఇప్పుడు తొమ్మిది తేదీలున్నాయి.

ఇక ప్రశ్నలు అడగండి.